విరజ పదకొండేళ్ల లెక్క

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు రాస్తున్న ఫాంటసీ నవల కోసం తయారుచేసి పంపిన పాత్రల పట్టిక రెండుసార్లు చదివాను. నాలుగు పాత్రలు, ఒక్కోదానికి మూడేసి పేజీలు. కళ్ల రంగు, జుట్టు పొడవు, ఇష్టమైన పువ్వు, భుజం మీద మచ్చ, అన్నీ రాశావు. నీ ముఖ్యపాత్ర విరజ ఏ పనికి వెనకాడుతుందో, ఎందుకు వెనకాడుతుందో మాత్రం ఎక్కడా లేదు. ఇంత రాసుకున్నా మొదటి సన్నివేశం కదలడం లేదన్నావు కదా, అది అందుకే. ఆ పేజీలు చదివితే విరజ జనంలో కనబడినప్పుడు గుర్తుపట్టగలం. ఆ జనంలో ఎవరైనా కత్తి దూస్తే ఆమె ఏం చేస్తుందో చెప్పలేం.

కాబట్టి ఇకమీదట పాత్ర గతం గురించి ఏ వాక్యం రాసినా పక్కన ఒక ప్రశ్న వేసుకో. దీనివల్ల కథలో ఈ మనిషి చేసే ఏ పని మారుతుంది? జవాబు తట్టకపోతే ఆ వాక్యం కొట్టెయ్. మూడు పేజీలు ముప్పావు పేజీకి దిగుతాయి. దిగనీ.

ముందు వయసు లెక్క చూద్దాం. విరజకు 19 ఏళ్లన్నావు. ఎనిమిదో ఏట ఊరు తగలబడి అమ్మానాన్నలు పోయారు. అడవిలో ఒంటరిగా పెరిగింది. కత్తి పడితే ఎదురులేదు, ఐదు భాషలొచ్చు, మూలికలన్నీ తెలుసు. ఎనిమిది నుంచి పంతొమ్మిదికి పదకొండేళ్లు. ఒంటరి పిల్ల ఐదు భాషలు ఎవరితో మాట్లాడి నేర్చుకుంది? కత్తియుద్ధం రావాలంటే ఎదురుగా దెబ్బ తప్పించుకునే మనిషి ఉండాలి. చెట్టు మీద సాధన చేస్తే చెట్టు కొట్టడం వస్తుంది, అంతే. ఇంకొకటి, ప్రతి పౌర్ణమికీ కాలిపోయిన ఊరికి వెళ్లి దీపం పెడుతుందని రాశావు. నీ పటంలో ఆ ఊరు ఆమె ఉండే చోటికి 300 కిలోమీటర్లు. దారి బాగుంటే మనిషి రోజుకు 25 నుంచి 30 కిలోమీటర్లు నడుస్తాడు. వెళ్లడానికి పది రోజులు, రావడానికి పది రోజులు. నెలలో ఇరవై రోజులు నడకకే పోతే ఆ పిల్ల కత్తి ఎప్పుడు పట్టింది?

ఒక కాగితం మీద 8 నుంచి 19 దాకా అంకెలు నిలువుగా వెయ్. ప్రతి అంకెకూ ఎదురుగా మూడు ముక్కలు రాయి: ఆ ఏడు ఎక్కడ పడుకుంది, ఎవరు తిండి పెట్టారు, అందుకు బదులుగా ఏం చేసింది. మూడోది చాలా ముఖ్యం. ఊరికే తిండి పెట్టేవాళ్లు కొందరే ఉంటారు, వాళ్లను కూడా ఎందుకు పెడుతున్నారని ఆ పిల్ల అనుమానించే ఉంటుంది. ఉదాహరణకు ఇలా అనుకో. పన్నెండో ఏడు వచ్చేదాకా ఒక వర్తకుల బిడారుతో తిరిగింది, మూటలు కాపలా కాసింది. తర్వాత నాలుగేళ్లు రేవులో పడవలు కట్టే పని. చివరి మూడేళ్లు కొలువు వదిలేసిన ఒక ముసలి సైనికుడి ఇంట్లో చాకిరీ, తీరిక దొరికితే ఆయన దగ్గర కత్తి. ఇప్పుడు చూడు, భాషలు ఐదు కాదు, రెండున్నర. రెండో భాషలో బేరమాడగలదు, తిట్టగలదు. రాజసభలో నాలుగు మర్యాద మాటలు మాట్లాడాలంటే నోరు పెగలదు, చదవడం అసలే రాదు. కత్తి మూడేళ్లది. దారి దోచేవాణ్ని ఎదుర్కోగలదు, శిక్షణ పొందిన సైనికుడి ముందు నిలవలేదు. ఈ కొరతల వల్ల ఆమె అబద్ధమాడాలి, పారిపోవాలి, ఎవరినో బతిమాలాలి. కథ నడిచేది వాటితోనే.

చేసిన పని ఒంట్లో కనబడాలి. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లండు యుద్ధనౌకలో వందకు పైగా పొడవాటి విల్లులు దొరికాయి. అందులోని అస్థిపంజరాల్లో కొన్నింటికి భుజం కొన ఎముక మిగతా ఎముకతో అతుక్కోకుండా విడిగానే ఉండిపోయింది. చిన్నప్పటి నుంచి బరువైన విల్లు లాగడం వల్ల అలా అయి ఉంటుందని పరిశోధకుల భావన. నీ విలుకాడు మాత్రం పూలమాల పట్టుకున్నంత తేలిగ్గా విల్లు పట్టుకుంటున్నాడు. కమ్మరి కొలిమి ఉన్న చోటు మసకగా ఉంచుకుంటాడు. ఇనుము ఎంత కాగిందో దాని రంగు చూసి పోల్చుకోవాలి, ఎండ వెలుతురులో ఆ రంగు సరిగ్గా తెలియదు. ఏళ్ల తరబడి సమ్మెట మోత విన్న చెవి మందగిస్తుంది, అందుకే గట్టిగా మాట్లాడతాడు, దాన్ని చూసి కొత్తవాళ్లు కోపిష్ఠి అనుకుంటారు. స్వభావం గురించి ఒక్క మాట రాయకుండానే మనిషి కనబడ్డాడు కదా. అన్నట్టు, ఒంటిచేత్తో తిప్పే కత్తి బరువు కిలో, కిలోంబావు ఉంటుంది. నువ్వు రాసిన పది కిలోల కత్తితో ఎవరూ రెండో దెబ్బ కొట్టలేరు.

ఇప్పుడు ఆ ఊరు తగలబడిన సంగతి. అమ్మానాన్నలను మొదటి పేజీలోనే చంపడం రాసేవాళ్లకు తేలిక, ఎందుకంటే వెళ్లొద్దని అడ్డుపడేవాళ్లు ఉండరు. కానీ అడ్డుపడేవాళ్లు పోతే ఆ మనిషికి ఉన్న బంధాలన్నీ ఒకేసారి తెగిపోతాయి, తర్వాత రెండు వందల పేజీలు ఆమెను ఏ బంధంతోనూ లాగలేక నువ్వు అవస్థ పడతావు. చంపాలనుకుంటే చంపు, కానీ బతికున్నవాళ్లతో నాలుగు ముళ్లు వెయ్. ఆమె ఎవరికి బాకీ ఉంది, ఆమెకు ఎవరు బాకీ ఉన్నారు, ఆమె కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు, ఆమె గురించి ఎవరు తప్పుగా అనుకుంటున్నారు. బాకీ అంటే డబ్బే కానక్కర్లేదు. బిడారు నాయకుడు ఒకసారి దొంగతనం తన మీద వేసుకున్నాడనుకో, ఆయన ఎదురుపడి ఏ సాయం అడిగినా విరజ కాదనలేదు. ఆ అడిగే సాయం చెడ్డదైతే నీకు ఒక అధ్యాయం దొరికినట్టే.

నువ్వు రాసినదాంట్లో అన్నిటికన్నా పెద్ద లోపం ఇంకొకటుంది. ఘటన పెద్దదే రాశావు. దాని నుంచి పిల్ల ఏం నేర్చుకుందో రాయలేదు. 'పగతో రగిలిపోతోంది' అని వదిలేశావు. పగ ఆమెకు పని ఇస్తుంది గానీ స్వభావం ఇవ్వదు. పగతో రగిలేవాళ్లు పదిమందిని వరసలో నిలబెడితే ఎవరి ధోరణి వాళ్లది. ఒకడు నవ్వుతూ తిరుగుతాడు, ఒకడు నిద్రపోడు, ఒకడు శత్రువు ఇంట్లోనే పనికి చేరతాడు. తేడా ఎక్కడ వస్తుందంటే ఆ రాత్రి తర్వాత ఎవరికి వాళ్లు చెప్పుకున్న మాటలో.

అందుకని ఏ ఘటననైనా నాలుగు మెట్లలో రాయి. మొదటిది జరిగింది. ఊరు కాలుతుంటే విరజ ధాన్యం పాతరలో దాక్కుంది, పైనుంచి అన్న ఆమెను పేరు పెట్టి పిలిచాడు, భయంతో పలకలేదు. పలకనందువల్లే దొరకలేదు, అన్న దొరికాడు. రెండోది ఆమె తీసుకున్న నిర్ధారణ: పిలిస్తే పలికినవాళ్లు చస్తారు. ఎనిమిదేళ్ల పిల్లకు అది సబబుగానే తోస్తుంది, అయినా తప్పు. రెండూ ఉండాలి. మరీ మూర్ఖంగా ఉంటే పాఠకుడు నమ్మడు, పూర్తిగా నిజమైతే ఆమె మారాల్సిన అవసరమే ఉండదు. మూడోది అలవాటు. మొదటి పిలుపుకు ఎప్పుడూ పలకదు. కొత్తవాళ్లకు అసలు పేరు చెప్పదు. నాలుగోది ఆ అలవాటు ఎదురుతిరిగే చోటు. పొగమంచులో దారి తప్పిన తోటివాడు విరజా, విరజా అని పిలుస్తుంటాడు. ఇక్కడ పలకాలా వద్దా అన్నదే నీ కథకు నడుమ ఉండాల్సిన సన్నివేశం. ఒక ముఖ్యపాత్రకు ఇలాంటి ఘటనలు రెండు చాలు, మూడు దాటనీయకు. ఐదారు పెడితే ఒకదాని ప్రభావం ఇంకొకటి చెరిపేస్తుంది.

గుణాల జాబితా గురించి క్లుప్తంగా చెప్తాను. ధైర్యం, దయ, కోపం అని రాసుకోవడం మానెయ్. నలుగురినీ ఒక రేవుకు తీసుకురా. వెనక శత్రువు తరుముకొస్తున్నాడు, పడవలో ముగ్గురికే చోటు. ఒక్కొక్కరి వైపు నుంచి పదేసి వాక్యాలు రాయి. ఇద్దరు ఒకే పని ఒకే కారణంతో చేస్తే ఆ ఇద్దరినీ కలిపి ఒక్కరిని చెయ్. ఒకే పని వేరువేరు కారణాలతో చేస్తే ఇద్దరినీ ఉంచుకో, వాళ్ల మధ్య ఎప్పుడో ఒకప్పుడు గొడవ వస్తుంది. ఈ పేజీలు నవలలోకి రానక్కర్లేదు. నీ సేనాపతి 'క్రూరుడు, కానీ పిల్లులంటే ప్రాణం' అన్నావు, అది వైరుధ్యం కాదు, అలంకారం. రెండు ఎదురెదురు గుణాలకు మూలం ఒకటే ఉండాలి. తన మాటకు ఎదురుచెప్పని వాటినే అతను ప్రేమించగలడనుకో, అప్పుడు ఆ పిల్లి భయపెడుతుంది.

ఇక నిప్పును పిలిచే ఉల్కుడు. మంత్రం వాడితే అలిసిపోతాడని రాశావు. అలసట నిద్రపోతే తీరిపోతుంది, కాబట్టి దాన్ని మూల్యం అనలేం. తిరిగిరానిది పోవాలి. పిలిచిన నిప్పు అతని వేళ్లలోని స్పర్శను కొంచెం కొంచెంగా తినేస్తుందనుకో. ఇరవై ఐదేళ్లకే ముడి వెయ్యలేడు, చేతిలో ఉన్నది జారిపోయినా తెలియదు. ఇప్పుడు స్వభావం దానంతట అదే వస్తుంది. దీపం వెలిగించిపెట్టమని ఎవరైనా సరదాగా అడిగితే విసుక్కుంటాడు, ఎవరి చెయ్యీ పట్టుకోడు, ప్రతి మంటకూ లెక్క రాసుకుంటాడు. అలాంటి పిల్లాడు పుట్టాడని తెలిస్తే ఆ రాజ్యంలో ఎవరెవరు వస్తారో కూడా ఆలోచించు. సైన్యం వస్తుంది, కొలిమి యజమానులు వస్తారు, భయపడి రాళ్లు రువ్వేవాళ్లు వస్తారు. ఇంట్లోవాళ్లు దాచారా, అమ్ముకున్నారా అన్నదే అతని బాల్యం.

నాలుగు వందల ఏళ్ల వనవాసి వృద్ధుడు ఇరవై ఏళ్ల కుర్రాడికి తెల్లగడ్డం అంటించినట్టున్నాడు. తరానికి పాతికేళ్లు వేసుకున్నా అతను పదహారు తరాల మనుషుల్ని చూశాడు. మనిషి పేరు గుర్తుపెట్టుకోవడం మానేసి ఉంటాడు, లేదా తాత పేరుతో మనవణ్ని పిలుస్తాడు. 'ఈమధ్యే' అంటే నలభై ఏళ్ల కిందటి మాట. 'తొందరేముంది' అనే అతని ఓపిక పక్కనున్నవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.

భాష దగ్గర మన చేతిలో ఉన్న పనిముట్లు నువ్వు అసలు వాడుకోలేదు. కథకుడిగా ఏ పాత్రను వాడు అంటావో, అతను అంటావో, ఆయన అంటావో మొదటే తేల్చుకో, మధ్యలో మార్చకు. పాత్రల నోట మాత్రం కావాలనే మార్చు. ఆ మాట్లాడే డ్రాగన్‌ని సేనాపతి 'అది' అంటాడు, వృద్ధుడు 'ఆయన' అంటాడు. వాళ్లిద్దరి పెంపకంలో తేడా చెప్పడానికి ఇంకో పేరా అక్కర్లేదు. రూపం మార్చుకునే ఆడపాత్ర ఉంటే ఇంకా సుఖం. 'వచ్చింది' అంటే ఆమె వచ్చిందో, అది వచ్చిందో తెలియకుండా ఒక పేజీ నడపొచ్చు. మేము, మనం తేడా అన్నిటికన్నా పదునైనది. విరజ మూడు వందల పేజీలు 'మీరు వెళ్లండి, నేను వస్తాను' అంటూ, ఒకచోట మొదటిసారి 'మనం' అంటే చాలు, దాని మీద వ్యాఖ్యానం రాయకు. ఈ లోకంలో గడియారం లేనప్పుడు 'ఐదు సెకన్లలో' అనకు. గడియ అంటే 24 నిమిషాలు, జాము అంటే మూడు గంటలు, అంతకన్నా చిన్నదైతే 'రెప్పపాటు' ఉండనే ఉంది.

పేర్లకు విభక్తి పరీక్ష పెట్టు. 'క్జార్త్' అని రాశావు. క్జార్త్‌ని, క్జార్త్‌తో, క్జార్త్‌కి అని పైకి చదివి చూడు, నాలుక మడతపడుతుంది. ఈ నవలలో ఆ పేరు ఐదారు వందల సార్లు వస్తుంది. అచ్చుతో ముగిసే పేరైతే విభక్తి హాయిగా అతుక్కుంటుంది. ఇద్దరు ముఖ్యులకు ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు వద్దు. విరజ, విరూప, విభండుడు ఒకే గదిలో ఉంటే చదివేవాడు వెనక్కి తిప్పుకుంటూ కూర్చోవాలి.

ఇదంతా తయారయ్యాక నవలలో పెట్టేది పదో వంతే. వరస మాత్రం తిరగెయ్: అలవాటు ముందు, కారణం తర్వాత. మొదటి అధ్యాయంలో విరజ పిలిచినా పలకదు, ఎందుకో చెప్పకు. మూడో అధ్యాయంలో దానివల్ల ఎవరో నొచ్చుకోవాలి. పాతర సంగతి సగం దాటాక, అదీ ఎవరో ఒత్తిడి చేస్తేనే, అరపేజీలో. నువ్వు రాసిన పదకొండు పేజీల ప్రోలాగ్ నీ దగ్గరే ఉంచుకో, సందేహం వచ్చినప్పుడు తీసి చూసుకోవడానికి బాగుంటుంది.

వచ్చేసారి నాలుగు పాత్రలూ పంపకు. విరజ ఒక్కదాని పదకొండేళ్ల కాగితం, నాలుగు మెట్ల ఘటన ఒకటి, రేవు దగ్గరి పది వాక్యాలు పంపు. కళ్ల రంగు రాయకు. ఆ రేవు సన్నివేశంలో పడవవాడు ఆమెను ఏమని పిలుస్తాడో మాత్రం మరిచిపోకుండా రాయి. అసలు పేరు చెప్పని మనిషికి పడవవాడు ఏదో ఒక పేరు పెట్టే ఉంటాడు.

ఉంటాను.