హ్యూమన్ లైబ్రరీలో ఏం జరుగుతుంది? దానివల్ల వివక్ష తగ్గుతుందా?

ఇందులో పుస్తకాల స్థానంలో మనుషులు ఉంటారు. 2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డే సంగీతోత్సవంలో ఇది మొదలైంది. తర్వాత హైదరాబాద్‌కూ వచ్చింది. చూపు లేనివారు, శరణార్థులు, ట్రాన్స్‌జెండర్లు, మానసిక అనారోగ్యం నుంచి కోలుకున్నవారు, ఇలా సమాజం ఏదో ఒక ముద్ర వేసినవారు స్వచ్ఛందంగా ‘పుస్తకం’ అవుతారు. పాఠకులు సుమారు అరగంట వారి ఎదురుగా కూర్చుని, బయట అడగడానికి జంకే ప్రశ్నలు కూడా అడగవచ్చు. ఇష్టం లేని ప్రశ్నకు జవాబివ్వకుండా ఉండే హక్కు ‘పుస్తకానికి’ ఉంటుంది. నా దృష్టిలో ఈ పద్ధతికి ప్రాణం ఆ హక్కే. అది లేకపోతే సంభాషణ కాస్తా విచారణ అవుతుంది. ఒక్క అరగంటతో వివక్ష పోదు. కానీ ముఖం తెలిసిన మనిషి గురించి నోటికొచ్చినట్టు మాట్లాడటం కష్టం. మన శాఖా గ్రంథాలయాల్లో దీన్ని తప్పకుండా ప్రయత్నించాలి. ఒక గది, కొన్ని కుర్చీలు, చక్రాల కుర్చీ వెళ్లగలిగే దారి ఉంటే మొదలుపెట్టవచ్చు.