లక్ష వ్యూస్ గ్యారంటీ అంటే నమ్మొచ్చా?

ప్రశ్న: కడప ఏడు రోడ్ల దగ్గర మాది చిన్న టిఫిన్ హోటల్. రీల్స్ చేసిపెడతానని ఒకబ్బాయి కొటేషన్ పంపాడు. ‘స్ట్రాంగ్ హుక్, సీటీఏ, 3 యూజీసీ వీడియోలు, 1 బార్టర్ కొలాబ్, లక్ష వ్యూస్ గ్యారంటీ’ అని ఉంది. ఇవన్నీ ఏంటి సార్? అడ్వాన్స్ ఇచ్చేయొచ్చా?

జవాబు: అడ్వాన్స్ కాస్త ఆపండి. ముందు ఆ లక్ష సంగతి చూద్దాం. యూట్యూబ్ షార్ట్స్‌లో 2025 మార్చి 31 నుంచి వీడియో మొదలైతే చాలు, ఒక వ్యూ పడినట్టే. అర సెకను చూసి వేలితో పైకి తోసేసినవాడూ లెక్కే, ఒక్కడే పదిసార్లు చూసినా పది లెక్కే. ఎంతమందికి చేరిందో చెప్పేది రీచ్. అదీ మీకు సగమే పనికొస్తుంది. గువాహటిలో చూసినాయన కారం దోసె తినడానికి కడపకు రాడు కదా! ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫెషనల్ అకౌంట్‌కు మారితే (డబ్బులేం కట్టక్కర్లేదు) ఇన్‌సైట్స్‌లో (చూసినవాళ్ల లెక్కలు చెప్పే పేజీలో) ఊళ్ల పేర్లు కనిపిస్తాయి. ఇదివరకు తను చేసిన హోటళ్లవి ఆ స్క్రీన్‌షాట్లు చూపించమనండి. నీళ్లు నమిలితే విషయం తెలిసిపోతుంది.

హుక్ అంటే చూసేవాడి వేలిని ఆపే మొదటి రెండు మూడు సెకన్లు. ‘నమస్కారం, మా హోటల్‌కు స్వాగతం’ అని మొదలుపెడితే అప్పటికే వాడు వేరే వీడియోలో ఉంటాడు. పెనం మీద పిండి పడ్డప్పుడు వచ్చే సుయ్‌మనే చప్పుడు, దానిమీద గరిటెతో ఎర్రకారం పూస్తున్న చెయ్యి, పైన చల్లే పప్పుల పొడి... మీ హుక్ మీ వంటింట్లోనే ఉంది. మాస్టర్ పక్కన ఫోన్ పట్టుకుని నిలబడితే చాలు, పాట కూడా వద్దు.

సీటీఏ అంటే చూసినవాణ్ని చివర్లో ఏం చెయ్యమంటున్నారన్నది. ‘లైక్ చేయండి’ కన్నా ‘పొద్దున ఏడింటికి తెరుస్తాం, ఏడు రోడ్ల దగ్గరే’ అన్నది మీకు పనికొచ్చే మాట.

యూజీసీ అంటే అసలైతే కస్టమర్ తనంతట తను తీసి పెట్టిన వీడియో. డబ్బు తీసుకుని కస్టమర్‌లా నటించేదానికీ మార్కెట్లో ఇప్పుడు అదే పేరు. కొటేషన్‌లో ఆ అబ్బాయి రాసింది ఈ రెండోదే. బార్టర్ కొలాబ్ ఇంకా తేలిక: మీరు దోసె పెడతారు, వాళ్లు వీడియో పెడతారు. ఊరికే తిన్నా అది ప్రకటన కిందికే వస్తుంది. అందుకే ప్రకటనల మంచిచెడ్డలు చూసే సంస్థ ఏఎస్‌సీఐ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ‘యాడ్’ అనో ‘కొలాబరేషన్’ అనో లేబుల్ పెట్టాలి.

ప్రశ్న: ఆదోనిలో పత్తి వ్యాపారం నాది. మా ఫ్యామిలీ గ్రూపులో నా ఫొటో కింద ఇంటర్ చదివే మా పాప ‘నాన్నకు రిజ్ ఉంది’ అని పెట్టింది. తిట్టిందా, పొగిడిందా?

జవాబు: పొగిడిందండీ. ‘కరిజ్మా’లోంచి మధ్య ముక్క తుంచి చేసుకున్న మాట అది. మనుషుల్ని ఇట్టే ఆకట్టుకునే గుణమని అర్థం. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీవాళ్లు 2023లో ‘ఈ ఏటి పదం’గా దాన్నే ఎంచుకున్నారు. ‘డెలులు’ అంటే మాత్రం మీరు గాల్లో మేడలు కడుతున్నారని. ఇక ‘నాన్నా, నువ్వు కుక్డ్’ అని వస్తే పని అయిపోయిందని అర్థం. మీ ఆవిడకు ఏం తెలిసిపోయిందో కనుక్కుని ఇంటికి వెళ్లండి.