బీఎస్సీ ఫిజిక్స్ తర్వాత బీఈడీ ఒక్కటేనా?

చీమకుర్తి నుంచి అడిగిన తమ్ముడికి. ఎంపీసీతో బీఎస్సీ చివరి ఏడాదిలో ఉన్నానని, ఇంట్లో బీఈడీ అంటున్నారని, స్నేహితులు బెంగళూరు రమ్మంటున్నారని, నీకేమో ఫిజిక్స్ వదలబుద్ధి కావడం లేదని రాశావు. మాది కావలి దగ్గర పల్లె. నేనూ ఇలాగే ఎటూ తేలక తిరిగినవాణ్ణి, అందుకే నాకు జరిగింది రాస్తున్నా.

డిగ్రీ అవ్వగానే, అందరూ చేరుతున్నారని నేనూ నెల్లూరులో ఒక కోచింగ్ సెంటర్లో బ్యాంకు పరీక్షలకు చేరాను. ఆ ఏడాది రొయ్యల గుంటలో నాన్నకు మిగిలిందంతా ఫీజుకే పోయింది. ఉద్యోగం రాలేదు. అంతకన్నా బాధేమిటంటే, ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే పరీక్ష ఉందని నాకు తెలిసేసరికి అది రాసే ఫిబ్రవరి దాటిపోయింది. దరఖాస్తులు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే తీసుకుంటారు. డిగ్రీ చేతికి రావాల్సిన పని లేదు, చివరి ఏడాదిలో ఉండగానే రాయొచ్చు. ఈ ఒక్క ముక్క నాకు ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

జామ్‌లో అడిగేది నీ పుస్తకాల్లో ఉన్నదే: మెకానిక్స్, ఆప్టిక్స్, థర్మోడైనమిక్స్, విద్యుదయస్కాంతత్వం, మోడరన్ ఫిజిక్స్, కొంత ఎలక్ట్రానిక్స్. కానీ మనం కాలేజీలో ఎస్సేలు బట్టీపట్టి రాస్తాం, అక్కడ లెక్క తేల్చాలి. మూడు గంటల్లో 60 ప్రశ్నలు. వాటిలో 20కి ఆప్షన్లే ఉండవు, వచ్చిన సంఖ్యను మనమే కొట్టాలి. రోజుకు నాలుగైదు లెక్కలు, జవాబు చూడకుండా, చేత్తో చెయ్యి. లెక్క తెగకపోతే రాత్రి అదే తలలో తిరుగుతోందా? అయితే నువ్వు ఎమ్మెస్సీకి వెళ్లాల్సినవాడివే.

జామ్‌లో సీటు రాకపోయినా దిగులొద్దు. మన రాష్ట్రంలో పీజీ సీట్లకు పెట్టే పీజీసెట్ రాస్తే నెల్లూరు దగ్గర కాకుటూరులో విక్రమ సింహపురి, తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఉన్నాయి. నేను తిరుపతిలోనే చదివాను.

ఆ తర్వాత నేను పట్టిన దారి మనవైపు చాలామందికి తెలియదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ మీద రేడియలాజికల్ ఫిజిక్స్‌లో ఏడాది డిప్లొమా, ఆపైన ఆస్పత్రిలో ఏడాది ఇంటర్న్‌షిప్ చేస్తే మెడికల్ ఫిజిసిస్టు కావచ్చు. ఆ డిప్లొమా ముంబయిలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్లు నడుపుతారు. ఇప్పుడు నేను ఒక క్యాన్సర్ ఆస్పత్రిలో రేడియేషన్ యంత్రం దగ్గర పనిచేస్తున్నాను. రోగికి 60 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత) ఇవ్వాలని డాక్టరు రాస్తే, రోజుకు 2 గ్రే చొప్పున 30 రోజులు, అది గడ్డకే తగిలేలా, పక్కనున్న వెన్నుపాముకు పరిమితి దాటకుండా ప్లాన్ లెక్కకట్టేది మేమే. నువ్వు చదివిన విలోమ వర్గ నియమం, అంటే దూరం పెరిగితే తీవ్రత దాని వర్గానికి తగ్గట్టు పడిపోతుందన్నది, ఇక్కడ ప్రాణం మీది లెక్క. 100 సెంటీమీటర్ల దూరం 101 అయితే తీవ్రత దాదాపు 2 శాతం తగ్గిపోతుంది. అందుకే పొద్దున్నే, మొదటి రోగి లోపలికి రాకముందే, యంత్రం సరిగ్గా ఇస్తోందో లేదో కొలుస్తాం. ఒక పెద్దావిడ ముప్పయ్యో రోజు పూర్తయ్యాక నా చెయ్యి పట్టుకుని "చల్లగుండు నాయనా" అంది. ఫిజిక్స్ చదివినందుకు ఆ రోజు కలిగిన సంతోషం ఎన్నడూ కలగలేదు.

పరిశోధన ఇష్టమైతే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాయి. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి మీద భారం ఉండదు. వాతావరణ శాఖ సైంటిఫిక్ అసిస్టెంటు పోస్టులకు బీఎస్సీ ఫిజిక్స్ వాళ్లూ అర్హులే, నోటిఫికేషన్ మీద ఒక కన్నేసి ఉంచు.

బీఈడీని తక్కువ చెయ్యను. పాఠం చెప్పడమంటే నీకు ప్రాణమైతే తప్పకుండా చెయ్యి. కానీ ప్రభుత్వ టీచరు పోస్టుల కోసం డీఎస్సీనే నమ్ముకుంటే ఎదురుచూపు ఎంతైనా కావచ్చు: 2018 నోటిఫికేషన్ తర్వాత మెగా డీఎస్సీ పూర్తయింది 2025లో. ఇంట్లో ఈ సంగతి నెమ్మదిగా చెప్పు. బెంగళూరు ఎప్పుడైనా వెళ్లొచ్చు, ఫిజిక్స్ ఒకసారి వదిలితే తిరిగి పట్టుకోవడం కష్టం.

బార్క్ డిప్లొమాకు ఎమ్మెస్సీలో 60 శాతం ఉండాలి. నీ మార్కులు ఇప్పటిదాకా ఎలా ఉన్నాయో, ఇంట్లో ఇంకో రెండేళ్లు ఆగగలరో లేదో రాయి. ఆ రెండూ తెలిస్తే ఇంకా వివరంగా చెబుతాను.