పాపకి క్రిస్మస్ ప్రోగ్రాంలో ఏంజెల్ వేషం ఇచ్చిన్రు, ఇంట్ల వద్దంటున్నరు: క్రిస్టియన్ స్కూల్లో వారం అంతా ఏం నడుస్తది?

అక్కా, మీరు రాసింది మొత్తం చదివిన. దేవరకద్ర నుంచి మహబూబ్‌నగర్‌కి మారి, దసరా సెలవులైనంక పాపని క్రిస్టియన్ స్కూల్లో మూడో క్లాసులో వేసిన్రు, ఇప్పుడు క్రిస్మస్ ప్రోగ్రాంలో పాపకి ఏంజెల్ వేషం ఇచ్చిన్రు, పాపేమో సంబురంతోని ఇల్లంతా ఎగురుతున్నది, మీ అత్తమ్మ మాత్రం ఇగ మతం కూడా మారుస్తరా ఏంది అని కోపంగ ఉన్నది. అసలు వారం అంతా ఆ స్కూల్లో ఏం చేయిస్తరు, మేం వద్దంటే పాపని టీచర్లు వేరేగ చూస్తరా, ఇదే కదా మీరు అడిగింది. నేను పాలమూరులోనే ఒక మిషన్ స్కూల్లో మూడో క్లాస్ టీచర్ని, చాలా ఏండ్ల సంది అదే క్లాస్ చెప్తున్న. నేను క్రిస్టియన్నే, అది ముందే చెప్పేస్తున్న, ఎందుకంటే నేను చెప్పేది ఎవరి దిక్కు నుంచి వస్తున్నదో మీకు తెలిసి ఉండాలె.

ముందు మీ భయం సంగతి. మీరు వద్దనొచ్చు అక్కా, అది మీ హక్కు. రాజ్యాంగంలో 28వ అధికరణం మూడో క్లాజ్‌లో ఇది ఉన్నది, ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూలైనా ప్రభుత్వం నుంచి ఎయిడ్ తీసుకునే స్కూలైనా, చిన్నపిల్లల్ని మత బోధన క్లాసులో కూసోబెట్టాలన్నా ఆరాధనలో పాల్గొనమనాలన్నా పెద్దోళ్ళ ఒప్పుకోలు ఉండాలె. మాలాంటోళ్ళు సొంతంగ స్కూల్ పెట్టుకుని నడుపుకునే హక్కు 30వ అధికరణం ఇచ్చింది, మీ పాపకి ఈ రక్షణ 28వ అధికరణం ఇచ్చింది, రెండూ అదే రాజ్యాంగంలో ఉన్నయి, ఒకటి పట్టుకుని ఇంకోటి వదిలేస్తే మాకే మర్యాద కాదు. మా స్కూల్లో అడ్మిషన్ ఫారంలోనే ఈ ప్రశ్న ఉంటది, బైబిల్ క్లాసా మోరల్ సైన్సా అని. మీ ఫారంలో ఉన్నదో లేదో చూస్కోండి, లేకుంటే ఒక తెల్లకాగితం మీద రాసి క్లాస్ టీచర్‌కి ఇయ్యండి, అంతే.

ఇంకోటి, మీ స్కూల్ ఎవరిదో కూడా కనుక్కోండి. మన దిక్కు పేరు ముందర సెయింట్ అని ఉన్న ప్రతిదీ క్రిస్టియన్ స్కూల్ కాదు, మంచిగ ఉంటదని ఆ పేరు పెట్టుకున్న మామూలు ప్రైవేట్ మేనేజ్‌మెంట్లు బోలెడు. నిజంగ మిషన్ వాళ్ళదైతే అందులో కూడా రకాలున్నయి. మహబూబ్‌నగర్, జడ్చర్ల, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, దేవరకొండ దిక్కు పాత మిషన్ కాంపౌండ్లు ఎక్కువ మెన్నోనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టెంట్ చర్చి వాళ్ళవి, నల్గొండ దిక్కు బాప్టిస్టులు ముందు సంది ఉన్నరు, కాథలిక్కులకి 1976లో నల్గొండ డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) అయ్యింది, సిస్టర్లు నడిపే కాన్వెంట్లు వాళ్ళవి. సిస్టర్ల స్కూల్లో మరియమ్మ విగ్రహం కాడ పూలు పెడ్తరు, మా అసోంటి స్కూళ్ళల్లో విగ్రహమే ఉండదు, పాటలు, వాక్యం, ప్రార్థన ఇవే. మీ అత్తమ్మకి ఇది చెప్పండి, ఎందుకంటే చాలా మంది అన్నీ ఒకటే అనుకుని లేనిపోనివి ఊహించుకుంటరు.

ఇగ వారం సంగతి. ఇది మా స్కూల్ లెక్క, మీ దాంట్ల కొంచెం అటు ఇటు ఉండొచ్చు. పొద్దున అసెంబ్లీలో ఒక పాట, ఒక చిన్న ప్రార్థన, ఆ తర్వాత రాష్ట్ర గీతం, ప్రతిజ్ఞ, ఒకరు వార్తలు చదువుతరు, జనగణమన, అయిపాయె. ప్రతిజ్ఞ చెప్పించినప్పుడల్లా నేను పిల్లలకి చెప్తుంట, ఇది దేశమంతా చెప్తున్నరు గానీ రాసింది పాత జిల్లాల లెక్కల మన పక్క జిల్లా ఆయన అని. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారిది నల్గొండ దగ్గర అన్నెపర్తి, 1962లో విశాఖపట్నంల ట్రెజరీ ఆఫీసర్‌గా ఉన్నప్పుడు తెలుగులనే రాసిండు. ఇది చెప్పిన రోజు పిల్లలు గొంతు పెంచి చెప్తరు, చూడాలె మీరు.

సోమవారం బోర్డు మీద ఆ వారం కంఠత పట్టాల్సిన బైబిల్ వాక్యం రాస్తం, శుక్రవారం దాకా అది చెరపం. క్రిస్టియన్ పిల్లలు దాన్ని ఒప్పజెప్పాలె, మిగతా వాళ్ళకి వేమన పద్యమో సుమతీ పద్యమో ఇస్త, నిజం చెప్పాలంటే ఏడాది తిరిగే సరికి అందరికీ రెండూ వచ్చేస్తయి, 23వ కీర్తన గడగడ చెప్పే హిందూ పిల్లలు, పద్యాలు రాగం తీసే పాస్టర్ గారి కొడుకు మా క్లాసులనే ఉన్నరు. మంగళవారం తెలుగు, ఇంగ్లీష్ డిక్టేషన్లు. బుధవారం ఒక పీరియడ్ చాపెల్, అంటే ప్రార్థన కూటం, అప్పుడు మోరల్ సైన్స్ పిల్లలు పక్క రూంల ఇంకో టీచర్‌తోని ఉంటరు, కథలు చెప్పుకుంటరు, బొమ్మలేస్తరు. గురువారం ఎక్కాలు. శనివారం తెల్ల డ్రెస్సు, గేమ్స్, క్లాస్ రూం కడుగుడు, పోయేటప్పుడు వచ్చే వారం ఏం ఉన్నదో డైరీల రాపిస్త, వాట్సాప్ గ్రూప్‌లో కూడా పెడ్త.

కానీ అక్కా మీకు నేను ముఖ్యంగ చెప్పాలనుకున్నది సోమవారం మొదటి పీరియడ్ గురించి. అటెండెన్స్ అయినంక పది నిమిషాలు, ఎవరికైనా ప్రార్థన కావాల్నా అని అడుగుత. చెప్పాలని ఎవరినీ బలవంతం చెయ్యను. ఒకడు లేస్తడు, మా బర్రె ఈనేటట్టున్నది టీచర్ అంటడు. ఒక పిల్ల మా నాయిన పూణె పోయిండు, ఫోన్ ఎత్తుతలేడు అంటది. మన పాలమూరు సంగతి మీకు తెలుసు కదా, బొంబాయి, పూణె, ఎటు వడితె అటు పోయిన అమ్మానాయనలు, తాతల దగ్గర పెరిగే పిల్లలు ప్రతి క్లాసుల ఉంటరు, తండాల నుంచి ఆటోలల్ల వచ్చేటోళ్ళు ఇంకా ఎక్కువ. ఒక ముస్లిం బాబు వాళ్ళ నానీ మోకాళ్ళ నొప్పి గురించి ప్రతి వారం చెప్తడు, నేను ఆమెన్ అంటే వాడు ఆమీన్ అంటడు. నేను నా పద్ధతిల ప్రార్థన చేస్త, కండ్లు మూసుకునేటోళ్ళు మూసుకుంటరు, మూసుకోనోళ్ళు ఊకె కూసుంటరు. గురువారం వచ్చేసరికి క్లాసంతా ఆ పిలగాన్ని అడుగుతది, ఈనిందారా, ఆడ దుడ్డెనా మగ దుడ్డెనా అని. ఆ పది నిమిషాల వల్ల నా క్లాసుల ఎవరింట్ల ఏం నడుస్తున్నదో నాకే కాదు పిల్లలందరికీ తెలుస్తది. ఒకసారి ఒక పిల్ల మా అవ్వకి జరం టీచర్ అని మాత్రమే అన్నది, తర్వాత మెల్లగ అడిగితె తెలిసింది, అవ్వ లేవలేక పొద్దున ఇంట్ల ఏం వండుతలేదని, పిల్ల ఖాళీ కడుపుతోని వస్తున్నదని. మా హెడ్‌మిస్ట్రెస్ మేడం ఆ రోజు సంది ఆ పిల్లకి టిఫిన్ ఏర్పాటు చేసింది. మీరు స్కూల్‌ని చూసేటప్పుడు ర్యాంకులు, బిల్డింగ్ చూడండి గానీ వీటిని కూడా అడగండి, నాకైతే ఇదే పెద్దది.

శుక్రవారం పిడికెడు బియ్యం తెస్తరు. మా చర్చిలల్ల ఆడోళ్ళు వండే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడ్తరు, అదే పద్ధతి. తేవాలనుకున్నోళ్ళే తెస్తరు, బకెట్ నిండినంక దగ్గర్ల ఉన్న ముసలోళ్ళకి, ఒంటరి ఆడోళ్ళకి ఇస్తం, పిల్లలే పోయి ఇచ్చొస్తరు. ఇందుల మతం ఏం లేదు, మీ అత్తమ్మ చేతనే ఆ పిడికెడు బియ్యం పోయించి పాపకి ఇచ్చి పంపండి.

బొట్టు, పూలు, గాజులు మా దగ్గర వద్దనం. దసరా సెలవుల ముందు గ్రౌండ్‌ల బతుకమ్మ ఆడ్తరు, తంగేడు పూలు తండా పిల్లలే తెస్తరు. పోయిన సంవత్సరం ఇదే టైంల ఒక బాబు అయ్యప్ప మాల వేసుకుని నల్ల బట్టలల్ల, చెప్పులు లేకుండ వచ్చిండు, వాళ్ళ నాయిన భయపడుకుంట గేట్ కాడ నిలబడ్డడు. మేడం లోపలికి పిలిచి కూసోబెట్టింది. ఆ దీక్ష అయ్యేదాక క్లాసంతా వాన్ని స్వామీ అనే పిలిచిన్రు, నేను కూడా. కొన్ని స్కూళ్ళల్ల ఇసోంటి విషయాల మీద గొడవలైనయి, పిల్లల్ని గేట్ బయట నిలబెట్టిన్రు, అది తప్పు, క్రిస్టియన్‌గా చెప్తున్న, అది మా విశ్వాసానికే మచ్చ. మీ స్కూల్లో అట్ల ఎవరన్నా చేస్తే ఊకోకండి.

ఇగ వచ్చే రోజులల్ల ఏముంటయంటే, మాకు ఈ శనివారం పిల్లలమర్రి ట్రిప్. ఊరికి దగ్గరే కాబట్టి స్కూల్ బస్సుల పోయి మధ్యాహ్నానికి వచ్చేస్తం. మూడెకరాల పైన పర్చుకున్న మర్రి, ఏడు వందల ఏండ్లది అంటరు, 2017 డిసెంబర్ల చెదలు తిని పెద్ద కొమ్మ విరిగి పడ్డది, తర్వాత సెలైన్ ఎక్కించినట్టు చెట్టుకి బాటిళ్ళు కట్టి మందు ఎక్కించిన్రు, కొమ్మల కింద దిమ్మెలు కట్టిన్రు. పిల్లలకి చెట్టుకి సెలైన్ అంటే మస్తు ఆశ్చర్యం. ఊడలు ఎట్ల దిగినయో బొమ్మ వేసుకుని వచ్చి రాయాలె, అది ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) ప్రాజెక్ట్ వర్క్ కింద ఎఫ్ఏ-3లో, అంటే మూడో ఫార్మేటివ్ పరీక్ష మార్కులల్ల వేస్త. ఎఫ్ఏ-3 డిసెంబర్లనే ఉంటది, రిహార్సల్స్ కూడా అప్పుడే, అందుకే మేం రిహార్సల్ మూడు గంటలు దాటినంకనే పెడ్తం. ఇది మీ టీచర్‌ని తప్పక అడగండి, కొన్ని చోట్ల నవంబర్ సగం నుంచే డాన్సుల పేరు మీద మ్యాథ్స్ పీరియడ్లు తీసేస్తరు, అది నాకు అస్సలు నచ్చదు.

మిషనరీ స్కూళ్ళకి క్రిస్మస్ సెలవులు అకడమిక్ క్యాలెండర్‌లనే వేరుగ ఉంటయి, 2024-25లో డిసెంబర్ 23 నుంచి 27 దాక ఇచ్చిన్రు, అందుకే ప్రోగ్రాం పండుగ కంటే ముందే చేసుకుంటం, సెమీ క్రిస్మస్ అంటరు. కేక్, స్టార్, పశువుల పాక, పాటలు, నాటకం. మా నాటకంల అందరికీ గొర్ల కాపర్లు అంటేనే పానం. ఎందుకంటే మా క్లాసుల కుర్మోళ్ళ పిల్లలున్నరు, వాళ్ళు తాతల గొంగళ్ళు తెస్తరు, నిజం గొంగళ్ళు, భుజం మీద కట్టె, ఇగ గొర్లని అదిలించే కూత వాళ్ళే నేర్పిస్తరు మిగతా వాళ్ళకి. యేసు పుట్టిన కబురు ముందుగాల తెలిసింది రాజులకి కాదు, రాత్రిపూట మంద కాడ కావలి కాస్తున్నోళ్ళకి అని నేను చెప్తుంటే ఆ పిల్లలు ఎట్ల నిటారుగ కూసుంటరో, అది చూస్తె నాకు కండ్లల్ల నీళ్ళొస్తయి.

మీ పాప ఏంజెల్ వేషం సంగతికొస్తే, అది నాటకంల పాత్ర, వేషం వేసినంత మాత్రాన మతం మారదు, ఆ వేషం వేసిన ఎంతో మంది హిందూ పిల్లలు ఇప్పుడు పెద్దై వాళ్ళ ఇండ్లల్ల పూజలు చేసుకుంటనే ఉన్నరు. అయినా ఇంట్ల పెద్దామె మనసు నొచ్చుకుంట ఉంటే బలవంతంగ వెయ్యొద్దు అంట నేను. ముందు ఒకరోజు మీ అత్తమ్మని పొద్దున అసెంబ్లీకి తోల్కరండి, ముందు రోజు టీచర్‌కి ఒక మాట చెప్పండి చాలు, ఏ మంచి స్కూల్ కాదనదు. ఆమె కండ్లతోని చూసినంక కూడా వద్దంటే, ఆఖరి రోజు దాక ఆగకుండ ఈ వారమే టీచర్‌కి చెప్పండి, ఆఖరి రోజు ఆపితే పాప ఏడుస్తది, మేం కూడా ఇంకో పిల్లని తయారు చెయ్యలేం. వేషం బదులు స్వాగతం చెప్పుడు, యాంకరింగ్, కోలాటం, స్టార్ తయారు చేసుడు ఇసోంటివి ఎన్నో ఉంటయి, మేం ప్రతి సంవత్సరం అట్ల కొందరికి మారుస్తం, ఎవరినీ వేరేగ చూడం. పాపని కూడా ఒకసారి అడగండి, దానికి రెక్కలు ఇష్టమా స్టేజీ ఇష్టమా అని, చాలా సార్లు స్టేజీ ఎక్కితే చాలు వాళ్ళకి.

వేద్దామనే అనుకుంటే మాత్రం ఏంజెల్ డ్రెస్ కిరాయికి తేకండి, డిసెంబర్ల రేట్లు పెంచేస్తరు. ఇంట్ల ఉన్న తెల్ల ఫ్రాక్ చాలు, రెక్కలు అట్టముక్క కోసి తెల్ల చార్ట్ అతికించి అంచుకి గోల్డ్ లేస్ కుట్టండి, వెనక సేఫ్టీ పిన్నులు కాకుండ ఎలాస్టిక్ పెట్టండి, పిన్నులు గుచ్చుకుంటయి. లోపల స్వెట్టర్ వెయ్యండి, ప్రోగ్రాం సాయంత్రం అయితె చలి మస్తుంటది.