పొటాషియంకి 2, 8, 9 కాకుండా 2, 8, 8, 1 ఎందుకు?

పదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి పొటాషియం ఎలక్ట్రాన్ విన్యాసం (కేంద్రకం చుట్టూ ఒక్కో పొరలో, అంటే కర్పరంలో, ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో చెప్పే వరుస) 2, 8, 9 అని రాస్తే మార్కు పోయిందనీ, మూడో కర్పరంలో 18 పడతాయని పుస్తకంలోనే ఉంటే అది తప్పెలా అవుతుందనీ అడిగారు. పాపను ఏమీ అనకండి. కర్పరానికి 2ఎన్ స్క్వేర్ ఎలక్ట్రాన్లు (ఎన్ అంటే ఎన్నో కర్పరమో ఆ అంకె) అన్న సూత్రం శ్రద్ధగా నేర్చుకున్న పిల్లలకే ఈ అనుమానం వస్తుంది. నేనూ స్కూల్లో ఇలాగే రాశాను. "ఎనిమిది నిండితే పక్క కర్పరంలోకి పోతుంది, అంతే" అన్నారు మాస్టారు. ఆ "అంతే" దగ్గర నా మనసు ఒప్పుకోలేదు.

ఇంటర్‌లో అయనీకరణ శక్తుల పట్టిక చూశాకే నాకు విషయం అర్థమైంది. పరమాణువు నుంచి ఒక్కో ఎలక్ట్రాన్‌ను లాగడానికి ఎంత శక్తి కావాలో చెప్పే అంకెలవి. సోడియంలో మొదటి ఎలక్ట్రాన్‌కి మోల్‌కి 496 కిలోజౌళ్లు. రెండోదానికి ఏకంగా 4562! మెగ్నీషియంలో 738, 1451, ఆ తర్వాత 7733. అల్యూమినియంలో 578, 1817, 2745, ఆపైన 11577. అంకె ఎగిరిపడిన ప్రతిచోటా పెన్సిల్‌తో చిన్న గీత గీశాను. గీతకు ఇవతల సోడియంకి ఒకటి, మెగ్నీషియంకి రెండు, అల్యూమినియంకి మూడు మిగిలాయి. వేలన్సీ ఎలక్ట్రాన్లు, అంటే బయటి కర్పరంలోవి, అవే. అంతవరకూ బట్టీ పట్టిన మాటను ఆ రోజు కళ్లతో చూశాను.

పొటాషియం వరుసలో 419, వెంటనే 3052. గీత మొదటి అంకె పక్కనే పడింది. బయటి కర్పరంలో తొమ్మిదీ ఒకేలా ఉంటే రెండోదానికి ఏడు రెట్లు శక్తి ఎందుకు కావాలి? ఒక్కటి మాత్రం విడిగా, వదులుగా ఉంది. పొటాషియం అచ్చం సోడియంలా ప్రవర్తించడం, ఆవర్తన పట్టికలో దాని కిందే కూర్చోవడం అందుకే.

మరి మూడో కర్పరంలో చోటు ఉండగా అది నాలుగోదానికి ఎందుకు పోయింది? కర్పరం అంటే 18 సీట్ల బస్సు కాదు. మూడో కర్పరంలో 3ఎస్, 3పి, 3డి అని మూడు ఉపకర్పరాలు ఉంటాయి, వాటిలో వరుసగా 2, 6, 10 పడతాయి. మొదటి రెండూ నిండితే ఎనిమిది. ఇక మిగిలింది 3డి. పొటాషియంలో 3డిలో ఎలక్ట్రాన్ ఉంటే, లోపలి 18 ఎలక్ట్రాన్లు అడ్డుండటం వల్ల కేంద్రకం ఆకర్షణ దానికి పెద్దగా అందదు. 4ఎస్ ఎలక్ట్రాన్ సగటున దూరంగానే ఉన్నా, దానికి కేంద్రకం దగ్గరిదాకా చొచ్చుకుపోయే అవకాశం ఉంది. ఆ ఆకర్షణ వల్ల దాని శక్తి తగ్గుతుంది. శక్తి ఎక్కడ తక్కువైతే ఎలక్ట్రాన్ అక్కడ చేరుతుంది.

పుస్తకంలోని 18 కూడా తప్పు కాదు, అది గరిష్ఠ సంఖ్య. స్కాండియం నుంచి 3డి నిండడం మొదలై, జింక్ దగ్గరికొచ్చేసరికి 2, 8, 18, 2 అవుతుంది. ఇదంతా పదో తరగతి పరీక్షకి అక్కర్లేదు కానీ, అడిగిన పిల్లకి చెప్పకపోతే అన్యాయం.

ఇంట్లోనే ఒకటి చూపించండి. పప్పుచారు పొంగి స్టవ్ మీద పడితే నీలం మంట ఒక్కసారిగా పసుపు అవుతుంది కదా, అది ఉప్పులోని సోడియం పని. ఉప్పులో ఉన్నప్పుడు సోడియం తన బయటి ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకునే ఉంటుంది. మంట వేడికి కొంత సోడియం మళ్లీ పరమాణువుగా మారుతుంది. అప్పుడు ఆ ఒక్క ఎలక్ట్రాన్ పై స్థాయికి ఎక్కి, దిగేటప్పుడు సుమారు 589 నానోమీటర్ల పసుపు కాంతిని ఇస్తుంది. లోపలి పది ఎలక్ట్రాన్లకూ ఇందులో పనే లేదు. పొటాషియం అయితే లేత ఊదా మంట. ల్యాబ్‌లో సోడియం పసుపు దాన్ని కప్పేస్తుంటే నీలం గాజుపలకలోంచి చూసేవాళ్లం. ఆ పలక అడ్డం పెట్టగానే ఊదా రంగు బయటపడిన క్షణం నాకింకా గుర్తుంది.

ఇప్పుడు పాపకి కాల్షియం అంకెలు మాత్రం ఇవ్వండి: 590, 1145, 4912. విన్యాసం చెప్పకండి. పెన్సిల్ చేతికిచ్చి, గీత ఎక్కడ గీస్తుందో చూడండి.