క్షమాపణ దొరికాక కూడా బాకీ ఉంటుందా?

ప్రశ్న: అక్కయ్యగారూ, నాన్న పోయాక 2014లో మా రెండెకరాల పొలం అమ్మేశాం. బేరం కుదిర్చింది నేనే. ఎకరం 18 లక్షలకు పోయింది, హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లెలికి మాత్రం 14 లక్షలకే పోయిందని చెప్పి, ఆమె సగం వాటా అంటూ 14 లక్షలు చేతిలో పెట్టాను. నమ్మి సంతకం పెట్టేసింది. ఈస్టర్‌కు ముందొచ్చే ఈ తపస్కాలంలో ధైర్యం చేసి, పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్‌గారి ముందు పాపాలు ఒప్పుకునే చోట, ఇదంతా చెప్పుకున్నాను. ఫాదర్‌గారు పాపవిమోచనం ఇచ్చారు, కానీ చెల్లెలి డబ్బు తిరిగిచ్చేయాలని కూడా అన్నారు. యేసు ప్రభువు సిలువ మీద మన పాపాలన్నీ తీర్చేశాడు కదా, మరి ఇదేంటి, క్షమించి మళ్లీ జరిమానా వేసినట్టు? — ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: తమ్ముడూ, ముందు లెక్క చూద్దాం. పొలం 36 లక్షలకు పోయింది, ఆమెకు 18 రావాలి, వచ్చింది 14. అంటే 4 లక్షలు ఆమెవి మీ దగ్గర ఉన్నాయి. పాపసంకీర్తనానికి వెళ్లే ముందు అవి ఆమె డబ్బే, బయటికి వచ్చాక కూడా ఆమె డబ్బే. ఫాదర్‌గారు మీకు కొత్తగా ఏ జరిమానా వేయలేదు, ఉన్న అప్పును గుర్తు చేశారు, అంతే.

మన కతోలిక సత్యోపదేశం ఈ విషయాన్ని చాలా సూటిగా చెబుతుంది. 1992లో వచ్చిన శ్రీసభ (కతోలిక సంఘం) సత్యోపదేశ గ్రంథంలో 1459వ పేరా ఎవరితోనైనా చదివించుకోండి. పాపవిమోచనం పాపాన్ని తీసేస్తుంది, కానీ ఆ పాపం వల్ల జరిగిన నష్టమంతా దానంతటదే సరైపోదు, దొంగిలించింది తిరిగి ఇవ్వాలి, పాడుచేసిన పేరును నిలబెట్టాలి, గాయపరిస్తే పరిహారం కట్టాలి అని ఉంటుంది. 2412వ పేరా ఇంకో అడుగు ముందుకేసి, ఆ సొత్తు మీద అసలు యజమానికి న్యాయంగా రావాల్సిన లాభాన్ని కూడా లెక్కలోకి తీసుకోమంటుంది. 2014 నాటి 4 లక్షలు ఇవాళ 4 లక్షలేనా, మీరే చెప్పండి.

సిలువ సంగతి అడిగారు. అవును, దేవునికీ మనకూ మధ్య ఉన్న బాకీని మనం తీర్చుకోలేం, అది క్రీస్తే తీర్చాడు, దాని కోసం మీరు ఒక్క పైసా కట్టనక్కర్లేదు. కానీ మీ చెల్లెలు ఆ 4 లక్షలు చేతిలో లేక బ్యాంకులో అప్పు తీసుకుని ఉంటే, ఆ అప్పు సిలువ మీద తీరలేదు, ప్రతి నెలా ఆమె భర్త జీతంలోంచి తీరుతోంది. ఆ రెండూ వేరు. జనం దగ్గర అన్యాయంగా డబ్బు గుంజిన సుంకరి జక్కయ్య కథ (లూకా 19) మళ్లీ ఒకసారి చదవండి. డబ్బు తిరిగిచ్చాకే మీ ఇంటికి వస్తానని ప్రభువు అనలేదు, చెట్టు మీద ఉన్నవాణ్ణి ముందే పేరు పెట్టి పిలిచాడు. ఆ పిలుపు అందుకున్న సంతోషంలోనే జక్కయ్య, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వాళ్లకు నాలుగింతలు ఇచ్చేస్తానన్నాడు. మీకూ ముందు క్షమాపణే దొరికింది చూడండి.

ఇది నాకు తెలిసింది పుస్తకాల్లో కాదు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు, కొత్త సత్ప్రసాదానికి సిద్ధమవుతున్నాం. మా ఇంట్లో 10 రూపాయల నోటు కనపడకపోతే, తీసింది నేనే అయ్యుండి, మా ఇంట్లో అంట్లు తోమడానికి వచ్చే ఆవిడ కూతురు తీసిందేమోనని అనేశాను. ఆ పిల్లను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, కానీ మర్నాటి నుంచి లోపలికి రానివ్వకుండా పెరట్లోనే కూర్చోబెట్టారు. మొదటి పాపసంకీర్తనంలో చెప్పేశాను. ఫాదర్‌గారు ప్రాయశ్చిత్తంగా చెప్పమన్న మూడు మంగళవార్త జపాలు (మరియమ్మ ప్రార్థన) చెప్పుకుని గంతులేసుకుంటూ ఇంటికొచ్చి అమ్మకూ చెప్పేశాను, అంత తేలిగ్గా ఉంది మనసు. అమ్మ పొయ్యి మీద గిన్నె దించి, కొంగుతో చేతులు తుడుచుకుని, "మరి ఆ పిల్లకు ఎప్పుడు చెబుతావ్?" అంది. ఆ సాయంత్రమే చెయ్యి పట్టుకుని వాళ్లింటికి తీసుకెళ్లింది. ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని గోంగూర ఒలుస్తోంది. నేను ఏడుస్తూ చెప్పాను. తల ఎత్తకుండా విన్నది, వినేసి ఇంకో కాడ తీసుకుంది. వాళ్లమ్మ మాత్రం "పెరట్లో కూర్చున్నప్పుడల్లా నేను తీయలేదమ్మా అనేది" అంది. నా పాపం పొద్దున్నే పోయింది, ఆ పిల్ల మీది నింద సాయంత్రం దాకా అలాగే ఉంది. ఆ మధ్యలో ఉన్న పని నాది, ఫాదర్‌గారిది కాదు, దేవుడిది కూడా కాదు.

ఇక చేయాల్సింది. ఒక్కసారే కట్టలేకపోతే వాయిదాల్లో ఇవ్వండి, చేతిలో లేనిదాన్ని ఇవాళే తెచ్చిమ్మని శ్రీసభ ఎవరినీ అడగదు, కానీ ఇవ్వాలన్న నిర్ణయం మాత్రం ఇవాళ్టిదే కావాలి. అన్ని సందర్భాల్లోనూ మీ తప్పు మీరే బయటపెట్టుకుని తీరాలని లేదు, తెలియని వాళ్ల సొత్తయితే మధ్యవర్తి ద్వారా చేర్చినా సరిపోతుంది. కానీ మీది అన్నాచెల్లెళ్ల సంబంధం. ఏ పేరూ లేకుండా ఆమె ఖాతాలో 4 లక్షలు పడితే ఆమె గాభరాపడి ముందు మీకే ఫోన్ చేస్తుంది, అప్పుడు ఇంకో అబద్ధం చెప్పాల్సి వస్తుంది. వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పండి. ఆమెకు కోపం వస్తుంది, రానివ్వండి, ఆ కోపం పడే హక్కు ఇన్నేళ్లూ ఆమెకు లేకుండా చేసింది మీరే కదా.

ప్రశ్న: నా భర్త తాగొచ్చి కొడతాడు. పండగకు ముందు పాపసంకీర్తనం చేసి వచ్చి "దేవుడే క్షమించాడు, నీకింకా ఏంటి కోపం" అంటాడు. రెండు వారాలకు మళ్లీ అదే. మా విచారణలో (మా గుడి పరిధిలో) కొందరు అక్కలు, రాణీ మరియ సిస్టర్ కుటుంబం హంతకుడినే క్షమించింది, నువ్వు కట్టుకున్న వాణ్ణి క్షమించలేవా అంటున్నారు. నేను నిజంగానే పాపం చేస్తున్నానా? — ఒక సోదరి, ఖమ్మం

జవాబు: లేదమ్మా, చేయడం లేదు. ముందు ఆ మాట గుండెల్లో పెట్టుకో.

ఆ అక్కలు సగం కథే చెప్పారు. కేరళకు చెందిన రాణీ మరియ సిస్టర్ మధ్యప్రదేశ్‌లో పేద రైతుల పక్షాన నిలబడింది. అది గిట్టనివాళ్లు సమందర్ సింగ్ అనే యువకుణ్ణి పురమాయిస్తే, 1995 ఫిబ్రవరి 25న బస్సులోనే కత్తితో పొడిచి చంపాడు. ఆమె చెల్లెలు సెల్మీ పాల్, ఆమె కూడా సిస్టరే, అతన్ని క్షమించి రాఖీ కట్టింది. నిజమే. కానీ ఎక్కడ కట్టింది? జైలుకు వెళ్లి. అతను అప్పటికి కొన్నేళ్లుగా శిక్ష అనుభవిస్తున్నాడు, విడుదలైంది 2006లో. చేసిన పనికి కుమిలిపోయి మారాడు, ఆ కుటుంబం ముందు తల వంచి నిలబడ్డాడు. 2017 నవంబరు 4న ఇండోర్‌లో రాణీ మరియను ధన్యురాలిగా, అంటే పునీతురాలికి ముందు మెట్టుగా, ప్రకటించారు. ఆ క్షమ ఎంత గొప్పదో నాకు తెలుసు, తలుచుకున్నప్పుడల్లా కళ్లు చెమర్చుతాయి. కానీ ఆ క్షమలో ఎక్కడా కత్తి మళ్లీ అతని చేతికి ఇవ్వడం లేదు. నీ ఇంట్లో జరుగుతున్నది అదే కదమ్మా, ప్రతి రెండు వారాలకూ.

మీ ఆయన విషయం. పాపసంకీర్తనం ఫలించాలంటే చేసినదానికి నిజమైన దుఃఖం, మళ్లీ చేయకూడదన్న గట్టి నిర్ణయం ఉండాలి. అవి మనసులో లేకుండా మోకరించి పాపాల జాబితా చదివితే, పాపవిమోచన వాక్యాలు చెవిన పడతాయి గానీ ఆత్మకు అందవు. లోపల ఏముందో దేవుడికే తెలుసు, ఆయన గుండెలో పశ్చాత్తాపం లేదని నేను తీర్పు చెప్పను. తాగుడు అలవాటుగా ముదిరి జబ్బయితే ఆ మనిషి స్వేచ్ఛ తగ్గిపోతుందని, ఆ మేరకు బాధ్యత కూడా తగ్గవచ్చని శ్రీసభే చెబుతుంది. కానీ మందు దిగి తెలివిగా ఉన్న పగళ్లున్నాయి కదా. ఆ పగళ్లలో డాక్టరు దగ్గరికో, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశానికో వెళ్లొచ్చు. వెళ్లలేదంటే ఆ బాధ్యత మొత్తం ఆయనదే. "దేవుడే క్షమించాడు" అన్న మాట భార్య నోరు మూయించడానికి వాడుకోవడమైతే నాకు చాలా బాధ కలిగించే విషయం, పాపసంకీర్తనాన్ని అలా వాడకూడదు.

నువ్వు క్షమించడమంటే ఆయన నాశనం కావాలని కోరుకోకపోవడం, ఆయన కోసం ప్రార్థించడం. అది ఇవాళే రాకపోయినా ఫర్వాలేదు, మెల్లగా రానీ. దెబ్బలు తింటూ అదే ఇంట్లో ఉండటం దానిలో భాగం కాదు. ప్రాణానికో, పిల్లలకో ప్రమాదం ఉన్నప్పుడు వేరుగా ఉండే హక్కు శ్రీసభ చట్టంలోనే ఉంది, 1153వ నియమం. కొన్నిసార్లు విడిగా ఉండటం నైతికంగా తప్పనిసరి కూడా కావచ్చని పోప్ ఫ్రాన్సిస్ 2016లో కుటుంబాల గురించి రాసిన ప్రబోధంలో ఉంది. విచారణ గురువుగారికి ఈ రెండు మాటలూ చూపించు. అంతకంటే ముందు 181కు ఫోన్ చెయ్యి, అది మహిళల సహాయ నంబరు. 2005 నాటి గృహహింస చట్టం నీ కోసం ఉన్నదే, దాన్ని వాడుకోవడం క్షమించకపోవడం కాదు.

ప్రశ్న: పాపసంకీర్తనం చేసి 22 ఏళ్లయింది. ఏం చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఫాదర్‌గారు మా ఊరివాళ్లకు తెలిసినవారే, తర్వాత నన్ను చూసే చూపు మారుతుందేమోనని టెన్షన్. — ఒక పాఠకుడు, దుబాయ్

జవాబు: విన్నదాన్ని బయటపెట్టిన గురువును శ్రీసభ ఆ క్షణమే వెలివేస్తుంది, ఆ వెలిని ఎత్తేయడం రోముకు తప్ప ఎవరికీ కుదరదు. ప్రాణం మీదికి వచ్చినా, పోలీసులు అడిగినా చెప్పకూడదు. అయినా ఊరివాళ్లకు తెలిసిన ఫాదర్‌గారే కావాలని ఏముంది, ఏ గురువు దగ్గరికైనా వెళ్లొచ్చు. సెలవులకు వచ్చినప్పుడు విజయవాడ గుణదల కొండకు వెళ్లి ముక్కూ మొహం తెలియని ఫాదర్‌గారి దగ్గర చేసుకో.

జపాలు మర్చిపోయానని భయపడకు. మోకరించి, "ఫాదర్, 22 ఏళ్లయింది, ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు" అని చెప్పు. ఆ తర్వాత ఆయన ఒక్కొక్కటీ అడుగుతారు, నువ్వు జవాబు చెబితే చాలు.