పిట్టల్ని చూస్తూ కూర్చునే అమ్మాయికి ఉద్యోగం ఎక్కడుంది?

ప్రశ్న: మా అమ్మాయి స్కూలు చదువు చివరి ఏడాదిలో ఉంది. లెక్కల్లో చురుకే. కానీ ఖాళీ దొరికితే చాలు, పిట్టల్నీ పురుగుల్నీ చూస్తూ బొమ్మలు గీసుకుంటుంది. ప్రకృతిని చూసి టెక్నాలజీ డిజైన్ చేసే పనిలోకి వెళ్తానంటోంది. అది హాబీ అవుతుంది గానీ ఉద్యోగం ఎలా అవుతుందని నా టెన్షన్. ఇంజనీరింగ్ చదివించాలా, బయాలజీయా?

జవాబు: హాబీ అన్నారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. జపాన్‌లో బుల్లెట్ రైలు సొరంగంలోకి దూసుకెళ్తే ముందున్న గాలి నొక్కుకుపోయి, అవతలి చివర పేలినట్టు చప్పుడయ్యేది. ఆ సమస్య మీద పనిచేసిన ఇంజనీరు ఎయిజి నకత్సుకి పక్షుల్ని గమనించే అలవాటుంది. లకుముకి పిట్ట తన పొడవాటి ముక్కుతో గాలిలోంచి నీళ్లలోకి దూకినా నీళ్లు పెద్దగా చిందవు కదా, రైలు చిక్కూ అలాంటిదేనని ఆయనకు తట్టింది. 1997లో పట్టాలెక్కిన 500 సిరీస్ రైలుకు 15 మీటర్ల పొడవాటి ముక్కు వచ్చింది అందుకే. పిట్టను చూసి గీసేసిన బొమ్మ కాదది. రకరకాల ఆకారాలను పరీక్షించి, కంప్యూటర్ మీద లెక్కలు కట్టి తేల్చింది.

ఆయనకు పక్షులు హాబీ, రైళ్లు ఉద్యోగం. మీ అమ్మాయికి కూడా నేను చెప్పేది అదే. ఒక కాలు గట్టి నేల మీద ఉండాలి. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, మెటీరియల్స్, ప్రొడక్ట్ డిజైన్, వీటిలో ఏదో ఒకటి పూర్తిగా చేతికి రావాలి. లెక్కలు వస్తాయంటున్నారు కాబట్టి నా మొగ్గు ఇంజనీరింగ్ వైపే. బయాలజీని మాత్రం వదలనివ్వకండి, ఐచ్ఛిక సబ్జెక్టుగానైనా చదవాలి. బయాలజీయే కావాలని పట్టుబడితే అదీ తప్పు కాదు, కాకపోతే పక్కన ప్రోగ్రామింగ్, త్రీడీ మోడలింగ్ నేర్చుకోక తప్పదు.

'తామరాకు మీద నీటిబొట్టు' అని మనం మాటవరసకి అంటూనే ఉంటాం. ఆ బొట్టు ఎందుకు అంటుకోదో పట్టుకున్నది విల్‌హెల్మ్ బార్త్‌లాట్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త. 1970లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆకుల్ని చూస్తుంటే, కొన్ని జాతుల ఆకుల్ని ముందుగా కడగాల్సిన పనే పడడంలేదని గమనించాడు. కంటికి కనిపించనంత సన్నని బొడిపెలు, వాటి మీద మైనపు పూత. బొట్టు నిలవలేక దొర్లిపోతుంది, పోతూ పోతూ దుమ్మును కూడా ఊడ్చుకుపోతుంది. ఆ సూత్రంతో గోడల పెయింటు మార్కెట్లోకి వచ్చేసరికి 1999. చూడండి, ఆకును గమనించినవాడు పెయింటు చేయలేడు, పెయింటు చేసేవాడు ఆకును గమనించలేదు. ఇద్దరి మాటా తెలిసిన మనిషి మధ్యలో కావాలి. ఆ మనిషికిచ్చే జీతమే మీరు అడిగిన ఉద్యోగం.

కానీ 'ప్రకృతిని చూసి డిజైన్ చేసేవాళ్లు కావాలి' అని ప్రకటన వస్తుందని ఎదురుచూడొద్దు. ఇలాంటి పని రోబోటిక్స్‌లో, కొత్త మెటీరియల్స్ ల్యాబుల్లో, ప్రొడక్ట్ డిజైన్ సంస్థల్లో, పర్యావరణ పరికరాల తయారీలో వేరే పేర్లతో ఉంటుంది. మొదటి రెండు మూడేళ్లు మామూలు ఇంజనీరు పనే చేయాల్సి రావచ్చు. దానికి సిద్ధపడితేనే ఇటు రావాలి.

ప్రకృతిని అనుకరించడమే కాదు, ప్రకృతి కోసం పరికరాలు చేయడమూ ఈ దారిలోదే. నాకైతే ఇదే ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది. వలస పక్షి ఎటు వెళ్తోందో తెలుసుకోడానికి దాని వీపుకు కట్టే ట్రాకర్‌నే తీసుకోండి. ట్రాకర్ బరువు పక్షి బరువులో 3 నుంచి 5 శాతం దాటకూడదన్నది పరిశోధకులు పాటించే లెక్క. 20 గ్రాముల పిట్టయితే మహా అయితే ఒక్క గ్రాము. బ్యాటరీ, యాంటెన్నా, చిప్, కట్టే తాడు, అన్నీ అందులోనే సర్దాలి. తాడు రెక్కను ఒరుసుకోకూడదు, వానకు తడిసినా చెడిపోకూడదు. ఇక్కడ పరికరాన్ని మోసేది పిట్ట. ఇబ్బందిగా ఉందని అది చెప్పదు, డిజైనరే కనిపెట్టాలి.

ఒక హెచ్చరిక కూడా. ఈ రంగంలో అందమైన కథలు ఎక్కువ. జింబాబ్వే రాజధాని హరారేలో 1996లో కట్టిన ఈస్ట్‌గేట్ భవనం చెదపుట్ట గాలి మార్చుకునే పద్ధతిని చూసి కట్టారని అందరూ చెబుతారు. భవనం పెద్ద ఏసీలు లేకుండా చల్లగానే ఉంటుంది. తర్వాత పుట్టల్ని కొలిచి చూసిన పరిశోధకులు మాత్రం, వాటిలో గాలి మనం అనుకున్నట్టు తిరగదని తేల్చారు. కథ నచ్చినంత మాత్రాన నమ్మేయకుండా, కొలిచి చూసే అలవాటు మీ అమ్మాయికి ఇప్పటి నుంచే ఉండాలి.

అప్లికేషన్లు పెట్టేలోపు ఒక పని చెప్పండి. ఒకే ఒక్క జీవిని ఎంచుకోమనండి, చీమైనా సరే. నెల రోజులు రోజూ పావుగంట చూసి, బొమ్మ పక్కనే 'ఇది ఇలా ఎందుకుంది?' అని ఒక ప్రశ్న, దానికి తన ఊహ, ఆ ఊహను పరీక్షించే దారి రాయాలి. నెల చివర అట్టముక్కలతోనైనా ఒక నమూనా చేయాలి. పదో రోజుకే విసుగొస్తే మీ అనుమానమే నిజం, అది హాబీ. నెల దాటినా పుస్తకం మూయకపోతే, అడ్మిషన్ ఇంటర్వ్యూకి మార్కుల కాగితంతో పాటు ఆ పుస్తకాన్నీ పట్టుకెళ్లమనండి.